తకురో అడిగిన తుపాకీ

బెక్కై,
అక్టోబర్ 6

ప్రియమైన మామయ్యగారికి,

మీరు పంపిన ఎండు సముద్రపు నాచు చేరింది. పులుసులో వేస్తే మీరు ఇక్కడున్నప్పటి వాసన వచ్చిందని హినానో రెండు గిన్నెలు తాగింది. పదిహేడేళ్లొచ్చినా గిన్నె అడుగు నాకడం మానలేదు మీ మనవరాలు. హకొదాతెలో వదినగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నేను అరవడం, మీరు "ఆఁ? ఆఁ?" అనడం, పక్కింటివాళ్లు కంగారుపడడం ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. నలభై ఏళ్లు చెవి పక్కన తుపాకీ పేల్చుకున్న మనిషికి చెవులు మిగులుతాయా మరి.

ఇక్కడ మూడు రోజులుగా పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. జింకలు అప్పుడే దిగాయి. నిన్న నలభై మూడు కనిపించాయి. చలికాలానికని చుట్టి పెట్టిన గడ్డి ఉండల మీది ప్లాస్టిక్కు చింపి మరీ తింటున్నాయి. నా షాట్‌గన్ వంద మీటర్లు దాటితే పనికిరాదని వాటికి తెలిసిపోయింది. రెండు వందల మీటర్ల అవతల నిలబడి నములుతూ నన్నే చూస్తున్నాయి.

అసలు సంగతికి వస్తాను. సెప్టెంబర్ నెలాఖరుకి నా షాట్‌గన్ లైసెన్సుకు పదేళ్లు నిండాయి. ఇక రైఫిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చని ఠాణాలో చెప్పారు. ఈ పదేళ్లూ నేను కాచుకున్నది దీని కోసమే.

ఏ రైఫిల్ కొనాలో మీరే చెప్పాలి. మన గాలి మీకు తెలుసు. ఉప్పు గాలి, తడి మంచు, మర్నాటికి సున్నాకు ఇరవై డిగ్రీల కింద చలి. ఖరీదు, అందం నాకు అక్కర్లేదు. అవసరమైన క్షణంలో మొరాయించని తుపాకీ కావాలి.

ఎందుకు అడుగుతున్నానో మీకు వేరే చెప్పాలా. ఆ ఏడు మీ అబ్బాయి తుప్పు పట్టని స్టీలు రైఫిల్ కొనుక్కుంటానన్నారు. పాలు పితికే యంత్రం మార్చాలి, తుపాకీ వచ్చే ఏడు చూద్దాం, ఈ ఏటికి పాతదే చాల్లే అన్నాను. డిసెంబరులో మీతో వేటకు వెళ్లినప్పుడు పొన్‌నై వాగు దగ్గర ఎలుగు ఆయన మీదికి వచ్చింది. ఆ పాత తుపాకీ మూడు సార్లు నొక్కినా పేలలేదు. చాల్లే అన్నది నేనే. పన్నెండేళ్లుగా ఆ మాట నోట్లోంచి పోలేదు.

డిసెంబర్ పద్నాలుగుకు పన్నెండేళ్లు నిండుతాయి, పదమూడో ఏటి తద్దినం. మీ అక్కయ్య కియొ అత్తయ్య కూడా వస్తానన్నారు. ఆలోపు తుపాకీ ఇంట్లో ఉండాలని నా పంతం.

మీ కోడలు,
చిజురు


హకొదాతె,
అక్టోబర్ 15

అమ్మాయ్ చిజురూ,

నీ ఉత్తరం చూసి మీ వదిన "ఏమిటట?" అని కాగితం మీద రాసి అడిగింది. "జింకల బాధ" అన్నాను. నా మోకాళ్లు ఇంకా నా మాట వినడం లేదు. ఇక్కడి మనవలు నన్ను పాత రేడియోలా చూస్తారు, దగ్గరికొచ్చి గట్టిగా అరిచి పోతుంటారు.

నీకు రైఫిలా? మొదటిసారి షాట్‌గన్ పేల్చి వెనక్కి ఎగిరి గడ్డి ఉండ మీద కూలబడ్డావు. లేవమంటే "తుపాకీకి ఏమీ కాలేదు కదా" అని అడిగావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల వదలదని. సరే, అడిగావు కాబట్టి చెబుతాను.

గుండు ఎక్కించే బోల్టును చేత్తో లాగి తోసే రకమే తీసుకో. తనంతట తానే గుళ్లు ఎక్కించుకునే వాటి జోలికి పోకు. భాగాలు ఎక్కువైన కొద్దీ మంచు దూరే సందులు ఎక్కువ. చెక్క పిడి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ తడికి ఉబ్బుతుంది. ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెడుతుంది. పెరట్లో సూటిగా తగిలిన గుండు అడవిలో జానెడు పక్కకు పోతుంది. ప్లాస్టిక్ పిడి బకెట్టులా కనిపిస్తుంది గానీ ఏ వానకీ కదలదు. స్టీలు తుప్పు పట్టనిది అంటారు చూశావూ, అది అబద్ధం. మన సముద్రం గాలికి అన్నీ తుప్పు పడతాయి. కొన్ని ఆలస్యంగా పడతాయి, అంతే. తీసుకుంటే ఆలస్యంగా పట్టేదే తీసుకో.

మందపాటి చేతి తొడుగులతో మీట నొక్కి చూడు. వేలు దూరకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయ్. బోల్టు లోపల నూనె పోయకు. చలికి నూనె జిడ్డయి, గుండు వెనక కొట్టే పిన్ను నెమ్మదిస్తుంది. నడిచేటప్పుడు గొట్టం మూతికి చిన్న టేపు ముక్క అంటించు. మంచు లోపలికి పోదు, టేపు మీదుగా పేల్చినా ఏమీ కాదు.

ఇంతకు మించి నా దగ్గర విద్య లేదు. కానీ ఒక మాట. జింకల కోసమే అయితే షాట్‌గన్ చాలదా? వలకంచె వేయించు. ఊళ్లో వేటగాళ్లు ఉన్నారు, ఒక ఫోను కొడితే వస్తారు. జరిగిపోయినదాన్ని తవ్వుకుంటూ కూర్చోకు. హినానోకి పరీక్షలొస్తాయి, దాన్ని చూసుకో.

మామయ్య


బెక్కై,
నవంబర్ 3

ప్రియమైన మామయ్యగారికి,

పాలు పితకడం ముగించి హినానోకు పశువులను అప్పజెప్పి నిన్న కుషిరో వెళ్లివచ్చాను. మీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని వెళ్లాను. తుపాకుల కొట్టు పెద్దాయనకు చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇది రాసినాయన తుపాకీ అమ్మేసుకున్నాడన్నారు కదూ? ఇలాంటోళ్లు మానెయ్యకూడదమ్మా. ఇప్పటి కుర్రాళ్లు తుపాకీ మీది దుర్భిణి ఎంత పెద్దదని అడుగుతారు గానీ బోల్టు లోపల ఏముందో అడగరు."

ఆయన కొట్టు వెనక చేపల ఫ్రీజర్ ఒకటి ఉంది. అందులో చేపలతో పాటు ఒక రైఫిల్ కూడా పడుకుని ఉంది. నన్ను గ్లవ్స్ వేసుకోమని, దాన్ని తీసి చేతిలో పెట్టారు.

"ఆ బోల్టు లాగండి. మళ్లీ. మళ్లీ. మీట నొక్కండి. టక్‌మందా?"

"టక్‌మందండీ."

"ఇంకో తుపాకీ కూడా ఇందులోనే పెట్టా, చూస్తారా? దీనికన్నా అందగత్తె. రాత్రంతా పెడితే పొద్దున బోల్టు కదల్లేదు. అందం చూసి కొనుక్కెళ్లినోళ్లు ముగ్గురు తెచ్చి తిరిగిచ్చేశారు."

కాబట్టి ఫ్రీజర్‌లో పడుకున్నదే నాకు నచ్చింది. బూడిద రంగు స్టీలు, నల్ల ప్లాస్టిక్ పిడి, భుజానికి బాగానే ఆనుతుంది. దుర్భిణికి రెండు వైపులా మూతలు. సీసం గుళ్లు నిషేధం కదా, రాగి గుళ్లతో పేల్చి చూపిస్తానన్నారు. కొట్టు కాగితం తీసుకుని ఠాణాలో దరఖాస్తు ఇచ్చేశాను. ఇక పోలీసాయన ఇల్లు చూస్తారు, లాకర్ చూస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు. ఈ మనిషి తాగుతుందా, ఏడుస్తుందా, ఎవరితోనైనా గొడవ పడుతుందా అని. ఆవులతో తప్ప గొడవ లేదని చెబుతారులెండి.

ఒక సంగతి మాత్రం మీరు మరిచిపోయినట్టున్నారు. వస్తుంటే కొట్టు పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, "ముఖ్యమైంది ఆయన రాయలేదే. చలిలో తిరిగిన తుపాకీని వెచ్చటి చోటికి తేవద్దు, తెచ్చారా మళ్లీ చలిలోకి తీసుకెళ్లొద్దు. లోపల చెమట పట్టి గడ్డకడుతుంది" అన్నారు. అది షాట్‌గన్‌తో నేనే ఒకసారి దెబ్బతిని నేర్చుకున్నానని చెప్పాను. మీరు నేర్పిన రోజుల్లో కూడా ఈ ఒక్కటి చెప్పలేదు. వయసు మీద పడుతోంది మామయ్యగారూ, వదినగారితో చెప్పి చేప నూనె మాత్రలు తెప్పించుకోండి.

ఇప్పుడు నవ్వకుండా వినండి. తద్దినం రోజు తెల్లవారాక పొన్‌నై వాగుకు వెళతాను. ఆయన కూలిన చోటికే. కొత్త తుపాకీతో ఒక్క జింకను కొట్టి, ఆ మాంసం ఆయన ఫొటో ముందు పెడతాను. గుడి నుంచి వచ్చే పూజారి మొహం చిట్లిస్తే చిట్లించనీండి. ఆయన అడిగితే నేనివ్వని తుపాకీ అది. పన్నెండేళ్లు ఆలస్యంగానైనా ఇస్తున్నాను. కియొ అత్తయ్య కూడా చూస్తారు.

చిజురు


హకొదాతె,
నవంబర్ 8

చిజురూ,

వద్దు.

ఆ తుపాకీ కొనకు. పొన్‌నైకి వెళ్లకు. ఆడపిల్లవి, ఒక్కదానివి, ఆ వాగు దగ్గర నీకేం పని? జింక మాంసం పెడితే తకురో లేచి వస్తాడా? నీకు పంతం తప్ప బుర్ర లేదు. కొట్టువాడికేం, అమ్ముకునేవాడు వెయ్యి చెబుతాడు. దరఖాస్తు వెనక్కి తీసుకో.

ఇంతకంటే రాయలేను.

మామయ్య


బెక్కై,
నవంబర్ 27

మామయ్యగారికి,

మీ ఉత్తరానికి జవాబు ఎందుకు రాయలేదో ఇప్పుడు రాస్తాను.

పదిహేనో తారీఖున పోలీసాయన వచ్చారు. ఎప్పుడూ వచ్చే ఆయనే, లాకర్ తాళాలు చూసి టీ తాగి పోయే మనిషి. ఈసారి టీ ముట్టుకోలేదు.

"చిజురు ఒనొదెరాగారూ, దరఖాస్తు కొంతకాలం ఆపుదామండీ. మీ మనసు సరిగ్గా లేదని, తుపాకీ చేతికిస్తే ప్రమాదమని మీ బంధువుల్లో ఒకరు రాశారు."

"ఎవరండీ?"

"పేరు చెప్పకూడదు. మీ మంచి కోరే మనిషే."

"షాట్‌గన్?"

"అది కూడా కొన్నాళ్లు మా దగ్గర పెట్టండి. తప్పదు."

కియొ అత్తయ్య అనుకున్నాను మొదట. ఆమె అయితే నాకు బాధ ఉండేది కాదు. తర్వాత ఆలోచిస్తే, నేను పొన్‌నైకి వెళతానన్న మాట రాసింది మీ ఒక్కరికే.

షాట్‌గన్ నా చేతులతోనే సంచిలో పెట్టి ఇచ్చేశాను. పదేళ్లు ఒక్క మచ్చ లేకుండా నిలబెట్టుకున్న లైసెన్సు అది. పోలీసు బండి వెళ్లేదాకా జింకలు గట్టు మీద నిలబడి చూశాయి. సాయంత్రం రెండో గడ్డి వరుస కూడా చింపేశాయి. ఇప్పుడు నా చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు.

గడ్డి పోతే పోయింది. మీకు ఒక్క సంగతి చెప్పాలి. అంత్యక్రియల భోజనంలో, అందరి ముందూ, కియొ అత్తయ్య "తుపాకీ కొనివ్వకుండా పొదుపు చేసింది, చివరికి మొగుణ్ణే పొదుపు చేసేసుకుంది" అన్నారు. మీరు పక్కనే ఉన్నారు. ఆమెను మందలిస్తారని చూశాను. మీరు తలెత్తలేదు. దుఃఖంలో ఉన్నారు, వినిపించి ఉండదు అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి తద్దినానికీ ఎవరో ఒకరు అదే మాట తిప్పి అన్నారు. ప్రతిసారీ మీవైపు చూశాను. "నీ తప్పు కాదమ్మా" అని మీరొక్క మాట అంటే చాలు, ఇంకెవరేమన్నా నాకు లెక్క లేదు. పన్నెండేళ్లు ఆ మాట కోసమే మీకు ఉత్తరాలు రాశానేమో అనిపిస్తోంది. తుపాకీ ఎంచమని అడిగింది కూడా అందుకేనేమో.

మీరు అనలేదు. ఇప్పుడు ఠాణాకు రాసి మరీ మీ తీర్పు చెప్పారు. నేనే చంపానని మీరూ అనుకుంటున్నారు. ముఖాన అనకుండా ఇన్నాళ్లు ఎండు నాచు పంపుతూ వచ్చారు.

ఇక పంపకండి. ఉత్తరాలు కూడా వద్దు. తద్దినానికి మీరు రాకపోతే నాకేమీ అనిపించదు. నాకిప్పుడు ఏదీ అనిపించడం లేదు. పొద్దున్నే మూడింటికి లేస్తున్నాను, పాలు పితుకుతున్నాను, పడుకుంటున్నాను. ఆవులుండబట్టి లేస్తున్నాను.

చిజురు


హకొదాతె,
డిసెంబర్ 2

చిజురూ,

అమ్మాయ్ అని పిలిచే ముఖం లేదు. వద్దన్నా రాస్తున్నాను. చించెయ్యాలనుకుంటే చివరిదాకా చదివి చించెయ్యి.

తకురో తుపాకీ మంచిదే. స్ప్రింగు బాగుంది, పిన్ను బాగుంది. ఆ వేసవిలో నేనే విప్పి కడిగి పెట్టాను. ఇంకో ఇరవై ఏళ్లు పనిచేసే తుపాకీ అది.

ఆ రోజు వాడు మూడింటి నుంచి నీతో పాలు పితికి వచ్చాడు. మొదట గంటసేపు గట్టు మీద తడి మంచులో తిరిగాం. ఏమీ దొరక్క వ్యాన్‌లోకి వచ్చి కూర్చున్నాం. నా తుపాకీ వెనకాల సరుకుల దగ్గర ఉంది. వాడిది సంచిలో, ముందు సీట్ల మధ్య నా కాళ్ల దగ్గర ఉంది. వ్యాన్‌లో ఎప్పుడూ వాడిదే పెత్తనం. హీటరు ముట్టుకోనిచ్చేవాడు కాదు. కిటికీ కూడా దించి కూర్చునేవాడు. "నాన్నా, తుపాకీకి చెమట పట్టిందంటే మన పని అయిపోతుంది, వణుకు, ఏం కాదు" అని నవ్వేవాడు. ఆ సూత్రం వాడికి నేర్పింది నేనే.

ఆ పూట వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నా మోకాళ్లు కోసుకుపోతున్నాయి. కిటికీ ఎక్కించి హీటరు పూర్తిగా తిప్పాను. నలభై నిమిషాలు. వేడి గాలి నేరుగా ఆ సంచి మీదికి కొట్టింది. సంచికి పట్టిన మంచు కరిగి నా బూట్ల దగ్గర నీళ్లు నిలిచాయి. చూశాను. చూసి కాళ్లు పక్కకు జరుపుకున్నాను. ఇంకాస్సేపు అనుకున్నాను.

అప్పుడే జింకలు కనిపించాయి. వాణ్ణి లేపే ముందు హీటరు ఆపి కిటికీ దించాను. తిడతాడని. అరవై ఏడేళ్ల వాణ్ణి, కొడుకు తిడతాడని దాచాను. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వాడు బోల్టు విప్పి తుడిచేవాడు, రెండు నిమిషాల పని. గాలి తిరిగి చలి పెరిగింది. వాగు దాకా గంట నడిచాం. లోపలి నీళ్లన్నీ గడ్డకట్టి ఉంటాయి. జింకను నేను కొట్టాను. వ్యాన్ దాకా లాక్కుపోవడానికి తాడు తెస్తానని నేను వెనక్కి వెళ్లాను, వాడు కడుపు కోయడానికి ఆగాడు. నెత్తురు వాసనకు ఎలుగు వచ్చింది. నూట యాభై మీటర్ల నుంచి చూశాను. వాడు తుపాకీ ఎత్తాడు, నొక్కాడు. బోల్టు లాగాడు, నొక్కాడు. మళ్లీ లాగాడు, నొక్కాడు, ఇంకోసారి లాగాడు. ఒక్క అడుగు వెనక్కి వేయలేదు, ఈసారి పేలుతుందని నమ్మాడు. నేను కొట్టేసరికి ఆలస్యమైపోయింది.

మంచులో దొరికిన మూడు గుళ్ల వెనకా పిన్ను గుర్తు పైపైన పడి ఉంది. పోలీసులు పరీక్ష చేసేనాటికి తుపాకీ వెచ్చటి గదిలో ఆరిపోయింది. పాతది కదా, స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు అన్నారు. నేను తలూపాను. తలూపడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

కియొ అక్క అన్న మాట నాకు వినిపించలేదని రాశావు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. నువ్వు నావైపు చూడడం కూడా చూశాను. నోరు తెరిస్తే మొత్తం చెప్పాలి. చెప్పలేక అన్నం గిన్నె ఎత్తుకుని తిన్నాను. కొడుకును పోగొట్టుకున్న తండ్రినని అందరూ నన్ను ఓదారుస్తున్నారు. ఆ ఓదార్పు వదులుకోలేకపోయాను. నీకు షాట్‌గన్ నేర్పి, ఆ ఒక్క సూత్రం నోటికి రాక మింగేసి, నీ ముఖం చూడలేక ఇక్కడికి పారిపోయి వచ్చాను.

ఠాణాకు నీ క్షేమం కోసమే రాశానని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే, నా తప్పును నువ్వు నీ బాకీగా తీర్చడం చూడలేక రాశాను. మోసం చేయని తుపాకీ ఎంచిపెట్టమని అడిగావు. వాణ్ణి తుపాకీ మోసం చేయలేదు. నువ్వు ఆ ఏడు కొత్తది కొనిచ్చినా అదీ అదే హీటరు ముందు పడుకునేది.

ఈ రోజే ఠాణాకు ఇంకో ఉత్తరం రాశాను. నేను రాసింది అబద్ధమని, నా కోడలంత నిబ్బరం ఉన్న మనిషి ఆ ఊళ్లో లేదని. నీ రైఫిల్ నీకు వస్తుంది. నువ్వు ఎంచుకున్నది సరైనదే.

తద్దినానికి రాను. వాడి ఫొటో ముందు కూర్చోలేను. నీ తప్పు కాదమ్మా. పన్నెండేళ్ల కిందట అనాల్సింది.

తోకుజి


బెక్కై,
డిసెంబర్ 8

మామయ్యగారికి,

ఉత్తరం అందింది. మూడు సార్లు చదివి హినానోకు ఇచ్చాను. అది చదివి, మడిచి, దూడలకు పాలు పట్టడానికి వెళ్లింది. తిరిగొచ్చి "అమ్మా, మరి ఇన్నాళ్లూ నువ్వు?" అని మాత్రం అడిగింది.

ఈ సంగతి తెలిస్తే బరువు దిగుతుందని ఎవరైనా అనుకుంటారు. దిగలేదు. పన్నెండేళ్లు నన్ను నేను తిట్టుకుని తిట్టుకుని అలవాటైపోయింది, ఇప్పుడు మానెయ్యమంటే ఎలా మానాలో తెలియడం లేదు. పొద్దున్న పాలు పితుకుతూ కూడా "చాల్లే అన్నాను కదా" అనుకుని, అది కాదని గుర్తొచ్చి, అక్కడే కూర్చుండిపోయాను. ఆ పన్నెండేళ్లు నాకు ఎవరు తిరిగిస్తారు.

మీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. మోకాళ్లు నొప్పెట్టి హీటరు పెట్టుకున్న మనిషి మీద కోపం నిలవడం లేదు. తల దించుకుని అన్నం తిన్న మనిషి మీద నిలుస్తోంది. అది పోతుందని మాట ఇవ్వలేను.

ఠాణా నుంచి నిన్న షాట్‌గన్ తిరిగి వచ్చింది. రైఫిల్ అనుమతి జనవరిలో వస్తుందట. తీసుకుంటాను. గడ్డి తినే జింకలకు మన గోడుతో పనిలేదు. పొన్‌నైకి మాత్రం వెళ్లను. ఆయనకు నేను బాకీ ఉన్న తుపాకీ ఏదీ లేదని తెలిసింది కదా.

తద్దినానికి రానన్నారు. రావాలి. నాకొక్కదానికి ఉత్తరంలో చెప్పి ఊరుకుంటే కుదరదు. నన్ను అన్నది అందరి ముందు. మీరు చెప్పాల్సింది కూడా అందరి ముందే. పదమూడో తారీఖు మధ్యాహ్నం రైలు దగ్గరికి నేనే వస్తాను. భోజనాలు వడ్డించక ముందు, ఆయన ఫొటో ముందు, కియొ అత్తయ్య వింటుండగా చెప్పండి.

చెప్పాక ఆవిడ మీతో మాట్లాడతారో లేదో నాకు తెలియదు. నేను మాట్లాడతానో లేదో కూడా తెలియదు. చెప్పేటప్పుడు మాత్రం మీ పక్కన కూర్చుంటాను.

చిజురు